ట్రైనింగ్‌కి పంపిన కుక్క పుండుతో తిరిగొస్తే ఏం చేయాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడ. మా ఇంట్లో ఏడాది వయసున్న లాబ్రడార్ ఉంది. వచ్చినవాళ్ల మీదికి ఎగబడుతోందని, బయటికి తీసుకెళ్తే లాక్కుపోతోందని ట్రైనింగ్‌కి ఇవ్వాలనుకున్నాం. ‘45 రోజుల్లో మాట వింటుంది, నూటికి నూరు శాతం గ్యారంటీ’ అని ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన చూసి, ఆనందపురం వైపు ఉన్న ఒక కెన్నెల్‌లో వదిలాం. ఫోన్‌పేలో 28 వేలు కట్టాం, బిల్లు ఇవ్వలేదు. యజమాని కనిపిస్తే కుక్క చెడిపోతుందని మధ్యలో ఒక్కసారి కూడా రానివ్వలేదు. మూడు వారాల కిందట ఇంటికి తెచ్చుకుంటే మెడ చుట్టూ పుండు. ఎవరు చెయ్యెత్తినా మూలకి పోయి వణుకుతోంది. ‘కూర్చో’ అన్నా వినడం లేదు. అడిగితే, ‘ఇంట్లో మీరు ప్రాక్టీస్ చేయించలేదు, డబ్బు వాపసు లేదని వాట్సాప్‌లో ముందే చెప్పాం’ అంటున్నారు. డబ్బు తిరిగి వస్తుందా? కొట్టినందుకు కేసు పెట్టవచ్చా? ఇంకో ట్రైనర్‌ని నమ్మాలంటే ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఇంకా పశువైద్యుడికి చూపించకపోతే ఈ రోజే చూపించండి. వైద్యం కుక్క కోసమే, కానీ మీ కేసుకు పునాది కూడా డాక్టరు ఇచ్చే చీటీయే. పుండు ఎక్కడుంది, ఎంత పాతది, దేనివల్ల అయి ఉండవచ్చు అన్నది తేదీతో సహా రాసివ్వమని డాక్టరుని అడగండి. కెన్నెల్‌లో వదిలిన రోజుకి దగ్గరలో తీసిన ఫొటోలు, వీడియోలు మీ ఫోన్‌లో ఉంటే అవి చాలా ముఖ్యం. మెడ బాగున్న కుక్కని అప్పగించామని చూపించగలిగితే ఆ గాయం ఎలా అయిందో చెప్పాల్సిన భారం అవతలివాళ్ల మీద పడుతుంది. వాట్సాప్ మాటలు, ఫోన్‌పే రసీదు, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన స్క్రీన్‌షాట్ ఏదీ చెరిపేయకండి. ప్రకటనని వాళ్లు తీసేసేలోపే దాచుకోండి. వీటిని దాఖలు చేసేటప్పుడు, ఫోన్‌లోని ఆధారాలకి భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌ని లాయరు చేత తయారుచేయించుకోవచ్చు.

డబ్బు సంగతి. ఫీజు తీసుకుని కుక్కకి శిక్షణ ఇవ్వడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవే. ఇస్తామన్నది ఇవ్వకపోవడం, అప్పగించిన ప్రాణిని జాగ్రత్తగా చూడకపోవడం సేవాలోపం. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సేవకి తీసుకున్న డబ్బుని 30 రోజుల్లో వాపసు ఇవ్వకపోవడం అదే చట్టం చెప్పే అనుచిత వ్యాపార పద్ధతుల్లోకి వస్తాయి. ‘డబ్బు వాపసు లేదు’ అని వాట్సాప్‌లో ఒక ముక్క పంపినంత మాత్రాన ఈ బాధ్యతలు తుడిచిపెట్టుకుపోవు. ఇక నూటికి నూరు శాతం గ్యారంటీ అన్నది వాళ్లకే ఇబ్బంది తెస్తుంది. జంతువు ప్రవర్తన గురించి నిజాయితీపరుడైన ఏ ట్రైనరూ అలాంటి హామీ ఇవ్వలేడు. తప్పుదారి పట్టించే ప్రకటన అని మీరు గట్టిగా వాదించవచ్చు.

‘మీరు ప్రాక్టీస్ చేయించలేదు’ అన్న వాదనని మాత్రం తేలిగ్గా తీసుకోకండి, జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు వాళ్లు ముందుగా చెప్పేది అదే. అందులో కొంత నిజం ఉంది కూడా. శిక్షణ తర్వాత ఇంట్లో సాధన చేయకపోతే కుక్క మరిచిపోతుంది. కానీ ఆ సాధన ఎలా చేయించాలో మీకు నేర్పాల్సింది వాళ్లే కదా! 45 రోజుల్లో మిమ్మల్ని ఒక్కసారి కూడా రానివ్వని మనిషి ఆ మాట అంటే నిలబడదు. రావద్దన్న మెసేజ్ ఉంటే దాన్ని ఫిర్యాదుకి జతచేయండి.

మొదట స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు ఉండేలా నోటీసు పంపండి. ఫీజు, వైద్యం ఖర్చు, మానసిక వేదనకి పరిహారం అడుగుతూ 30 రోజుల గడువు ఇవ్వండి. ఈలోపు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కొన్ని గొడవలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. ఫిర్యాదుదారు ఉండే చోటే కేసు వేసుకునే వీలు 2019 చట్టం ఇచ్చింది కాబట్టి కెన్నెల్ ఎక్కడున్నా మీకు విశాఖ కమిషనే సరిపోతుంది. 5 లక్షల లోపు సేవకి ఫిర్యాదు ఫీజు లేదు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేయవచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. ఇలాంటి కేసు మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉన్నా నిజానికి అంతకంటే ఎక్కువే పడుతుంది, ఆ ఓపికతో మొదలుపెట్టండి. ఫీజు, వైద్యం ఖర్చు రావడానికి మంచి అవకాశమే ఉంది. పరిహారం లక్షల్లో వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

కొట్టినందుకు కేసు విషయంలో మీకు గడువు చాలా తక్కువ. జంతు హింస నిరోధక చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం కొట్టడం, తన్నడం, అనవసరమైన బాధ పెట్టడం, ఇరుకు బోనులో పెట్టడం, పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టెయ్యడం అన్నీ నేరాలే. కానీ 36వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిన మూడు నెలల తర్వాత ప్రాసిక్యూషన్ (కోర్టులో నేర విచారణ) మొదలుపెట్టడానికి వీల్లేదు. ఆ లెక్క మీరు కుక్కని తెచ్చుకున్న రోజు నుంచి కాదు, దెబ్బ తగిలిన రోజు నుంచి. అది ఏ రోజో మీకు తెలియదు కాబట్టి ఈ వారంలోనే పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. కొట్టడం కాగ్నిజబుల్ నేరం కాదు కనుక మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. స్టేషన్‌లో ఆ మాట అంటే నిరాశపడకుండా లాయరు ద్వారా కోర్టుని ఆశ్రయించండి.

శిక్ష చూస్తే బాధ కలుగుతుంది. మొదటి నేరానికి 10 నుంచి 50 రూపాయల జరిమానా, అంతే. ఒక మూగప్రాణి ఒళ్లు హూనం చేసినందుకు చట్టం కట్టిన ధర అది. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌లో ఐదేళ్ల వరకు జైలు ఉంది కానీ, అది జంతువుని చంపినా, విషం పెట్టినా, అవిటిది చేసినా, పనికిరాకుండా చేసినా వర్తిస్తుంది. మానిపోయే మెడ పుండుకి దాన్ని పెట్టడం కష్టం. అయినా ఫిర్యాదు ఇవ్వమనే అంటాను. మూడేళ్లలోపు మళ్లీ అదే నేరం చేస్తే మూడు నెలల వరకు జైలు పడవచ్చు. మొదటిది రికార్డుకి ఎక్కకపోతే రెండోది ఎప్పటికీ మొదటిదే అవుతుంది.

ఇంకో మాట, ఇది చదివే యజమానులందరికీ. జంతువుని అలా హింసించనిచ్చిన యజమానినీ 11వ సెక్షన్ వదలదు. ‘నాలుగు తగిలిస్తేనే దారికొస్తుంది’ అని ట్రైనర్ అంటే తలూపకండి.

ఇక కొత్త ట్రైనర్. మన దేశంలో పెంపుడు కుక్కలకి విధేయత నేర్పేవాళ్లు తప్పనిసరిగా లైసెన్సు తీసుకోవాలన్న కేంద్ర చట్టం లేదు. గోడకి వేలాడే సర్టిఫికెట్లు ప్రైవేటు సంస్థలిచ్చినవి. అంటే ప్రభుత్వం ఎవరినీ పరీక్షించి మీ దగ్గరికి పంపడం లేదు, ఆ పరీక్ష మీరే పెట్టాలి. కుక్క లేకుండా ఒక్కరే వెళ్లి ఒక క్లాసు కూర్చుని చూస్తానని అడగండి. అందుకు ఒప్పుకోని చోట కుక్కని వదలకండి. లోపల ఉన్న కుక్కలు తోక కాళ్ల మధ్య పెట్టుకుని ఉన్నాయా, ట్రైనర్ రాగానే హుషారుగా ఎదురెళ్తున్నాయా చూడండి. ‘మాట వినకపోతే ఏం చేస్తారు?’ అని సూటిగా అడగండి. తిండి ముక్క, మెచ్చుకోలు, ఆట ఆశచూపి నేర్పుతామని, వినకపోతే పాఠాన్ని ఇంకా తేలిక చేస్తామని చెప్పేవాళ్లు మంచివాళ్లు. మెడ బిగించే చోక్ చెయిన్, లోపలికి ముళ్లుండే కాలర్, కరెంటు కాలర్ వాడేవాళ్ల దగ్గరికి పోవద్దు. భయంతో నేర్చుకున్న కుక్క ఎప్పుడో ఒకసారి కరిచే ప్రమాదం ఎక్కువ, ఆ కరిచిన కేసు వచ్చేది మీ మీదికే.

నలుగురైదుగురి కుక్కల్ని కలిపి నేర్పే క్లాసైతే టీకాల పుస్తకం అడుగుతున్నారా అన్నది పెద్ద గుర్తు. పార్వో లాంటి జబ్బు ఒకదాన్నుంచి ఒకదానికి తేలిగ్గా పాకుతుంది. అడగని చోట శుభ్రత మీద కూడా శ్రద్ధ ఉండదు. మన ఊరి ఉక్కపోతలో మధ్యాహ్నం క్లాసు పెట్టేవాళ్లకి కుక్క ఒంటి సంగతి తెలియదనుకోండి. మీలాంటి సమస్యకైతే కెన్నెల్‌లో వదలడం కన్నా ట్రైనర్ ఇంటికొచ్చి మీ ఎదుటే, మీ చేతే చేయించే పద్ధతి మేలని నా అభిప్రాయం.

డబ్బు కట్టేముందు ఒక కాగితం రాయించుకోండి. ఏం నేర్పుతారు, ఎన్ని క్లాసులు, ఏ పరికరాలు వాడరు, మీరు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చా, మధ్యలో మానేస్తే ఎంత వాపసు, గాయమైనా జబ్బు చేసినా ఖర్చు ఎవరిది అన్నవి అందులో ఉండాలి. రాత్రిళ్లు ఉంచే చోటైతే స్థానిక సంస్థ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు చూపించమనండి. మొత్తం ఒకేసారి కట్టకుండా విడతలుగా, బిల్లు తీసుకుని కట్టండి.

అయితే ఇవన్నీ ఇప్పుడే వద్దు. పుండు మానేదాకా మెడకి ఏదీ కట్టకుండా ఛాతీకి తొడిగే హార్నెస్ వాడండి. వణుకు తగ్గి, డాక్టరు సరే అన్నాకే కొత్త క్లాసు మొదలుపెట్టండి. ఈలోపు అయ్యే ప్రతి మందుల బిల్లునీ మీ కేసు ఫైల్లో పెట్టండి, అవి కూడా నోటీసులో అడిగే మొత్తంలోకి వస్తాయి.