వేయిపడగలతో మొదలెట్టకు

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది, కథ కూడా. ఉద్యోగంలో చేరాక నాలుగేళ్లుగా ఒక్క నవల కూడా చివరిదాకా చదవలేదనీ, మళ్లీ మొదలుపెట్టాలని ఉందనీ రాశావు. "క్లాసిక్స్ పది పేర్లు చెప్పండి సార్, వేయిపడగలతో మొదలెడుతున్నా" అన్నావు. పది పేర్లు చెప్పను. వేయిపడగలు మాత్రం ఇప్పుడే ముట్టుకోకు.

నాకూ ఇలాంటి కరువు ఒకటి వచ్చింది. ఇల్లు కట్టుకున్న రోజులవి. సిమెంటు, ఇసుక, బ్యాంకు లోను తప్ప ఇంకేదీ బుర్రకెక్కని ఐదేళ్లు. తేరుకున్నాక, పోయిన పరువంతా ఒక్కసారే రాబట్టుకుందామని వేయిపడగలే తీశాను. మూడుసార్లు తీశాను. మూడుసార్లూ డెబ్భయ్యో పేజీ దగ్గరే ఆగిపోయాను. గుర్తుకోసం పెట్టిన బస్సు టికెట్టు మీద అక్షరాలు కూడా చెరిగిపోయాయి. తప్పు విశ్వనాథవారిది కాదు. ఆయన సుబ్బన్నపేట కథ చెప్పడానికి తీరిగ్గా కూర్చున్నారు, వినడానికి నాకే కుదురు లేదు. 36 అధ్యాయాల పుస్తకం అది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని బాపిరాజుగారి నారాయణరావుతో కలిసి పంచుకుంది. పి.వి. నరసింహారావు అంతటివాడు కూర్చుని హిందీలోకి తెచ్చాడు. ఎక్కడికీ పారిపోదు. లంఖణాలు చేసి లేచినవాడికి చారన్నం పెడతారు గానీ గారెలు పెట్టరు.

నీకు నేను పెట్టే చారన్నం బారిష్టర్ పార్వతీశం. మూడు భాగాలున్నా మొదటిదే చదువు, 1924 నాటిది. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదువుకి ఇంగ్లండు బయల్దేరుతూ పందుంపుల్లలు కూడా సర్దుకుంటాడు. నవ్వొచ్చిన చోటల్లా ఒక్క క్షణం ఆగి చూడు. మొక్కపాటివారు ఎక్కడా జోకు వెయ్యరు. పార్వతీశమే తన తెలివితేటల గురించి మహా గంభీరంగా చెప్పుకుపోతుంటాడు, నవ్వు మన పని. నీ కథలో నువ్వు నవ్వించబోయిన రెండు చోట్లా ముందు నువ్వే నవ్వేశావు.

ఆ తర్వాత రావిశాస్త్రి అల్పజీవి. దీనికి మాత్రం తొందరపడకు. ఆయన విశాఖలో వకీలు, భయపడేవాళ్లను రోజూ దగ్గర్నుంచి చూసినవాడు. ఆయన సుబ్బయ్య ఒక గుమాస్తా. ఆఫీసులో పైవాడంటే భయం, ఇంట్లో పెళ్లామంటే భయం, బావమరిదంటే భయం, అప్పిచ్చిన కంట్రాక్టరంటే మరీ భయం. ఇంత భయస్తుణ్ని పట్టుకుని నవలంతా నడిపించడం తేలిక కాదు, పాఠకుడికి విసుగు పుడుతుంది. పుట్టలేదంటే ఆ వాక్యంలో ఏదో ఉంది. అదేమిటో ఉత్తరంలో చెబితే నీకు అర్థం కాదు, ఒక పని చెయ్యి. నీకు నచ్చిన పేజీ ఒకటి నోటుబుక్కులో చేత్తో ఎత్తిరాయి. ఫోన్లో టైపు చేస్తే లాభం లేదు. నేనలా రాసుకున్నప్పుడే నాకు ఆయన ఊపు తెలిసింది: ఒకే మాటను మళ్లీ మళ్లీ ఎందుకు తెస్తున్నాడో, పెద్ద వాక్యం పక్కన రెండు మాటల వాక్యం ఎందుకు పడేశాడో. కళ్లు దాటేసిన కామాలు చేతికి తగులుతాయి.

చలం నవల మైదానం చిన్నదే కదా, అది ఎందుకు చెప్పలేదంటావేమో. చలం చదివిన నెల్లాళ్లూ కొత్త రచయితలందరూ చలంలాగే రాస్తారు. నేనూ రాశాను, నలభై పేజీలు. చింపేశాను. నీ చెయ్యి కొంచెం గట్టిపడ్డాక చదువుదువుగాని.

ఇక నీ కథలో నాయనమ్మ సంగతి. పాలమూరు పల్లె దాటి ఎరగని మనిషి అని నువ్వే రాశావు, తీరా నోరు విప్పేసరికి టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా మాట్లాడింది. అందుకే మూడోది దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు. నిజాం కాలంనాటి తెలంగాణ పల్లె. బెజవాడ నుంచి సారంగపాణి అనే పాటగాడు ఆ ఊరికొస్తాడు. వచ్చినవాడి మాట తీరు వేరు, ఊరివాళ్ల మాట తీరు వేరు, దొర మాట్లాడే పద్ధతే వేరు. సంభాషణలు గట్టిగా పైకి చదువు. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనీ. ఆ పుస్తకానికి 1971లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిందన్నది నీకు పరీక్షలో పనికొచ్చే ముక్క, అంతే.

ఈ మూడూ అయ్యాక ఇంకా ఆకలి ఉంటే అంపశయ్య తీసుకో. ఉస్మానియా హాస్టల్లో ఒక కుర్రాడి ఒక్క రోజు, నిద్ర లేచిన దగ్గర్నుంచి. 1969లో వచ్చాక పుస్తకం పేరే నవీన్‌గారి ఇంటిపేరైపోయింది. నువ్వూ హాస్టల్లో ఉన్నవాడివే, నీకు వేరే చెప్పాలా.

పుస్తకం కొనేముందు నిలబడి మధ్యలో ఒక పేజీ చదివి చూడు. మొదటి పేజీ ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకునే రాస్తారు. ముందుమాట మాత్రం ఆఖర్న చదువు, మనవాళ్లు అందులోనే కథంతా చెప్పేస్తారు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతుకు, దొరక్కపోతే చిక్కడపల్లి లైబ్రరీ ఉండనే ఉంది.

అన్నట్టు, నాలుగోసారి వేయిపడగలు తీసింది మరో ఏడాదిన్నరకి. డెబ్భయ్యో పేజీ ఎప్పుడు దాటిందో కూడా చూసుకోలేదు. టికెట్టు అక్కడే వదిలేశాను.

నీ కథ నా దగ్గరే ఉంది. నాయనమ్మ మాట్లాడిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టాను, మొత్తం పదకొండు. ఇప్పుడే పంపను. చిల్లర దేవుళ్లు అయ్యాక ఒక కార్డు ముక్క రాయి, అప్పుడు పంపిస్తాను.

మీ అన్నయ్య