తుపానుకు పడిన చెట్లను చైన్ సాతో నేనే కోసుకోవచ్చా?

తోటలో పడిన కొబ్బరి, జీడి చెట్లు కోయడానికి మనుషులు దొరకడం లేదని, పెట్రోలు చైన్ సా కొన్నానని, దాన్ని ఇంతవరకు పట్టుకుని ఎరగనని రాశారు. కోసుకోవచ్చు, కాని అన్నింటినీ కాదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారాక మా తోటలో పడిన చెట్లకన్నా నిలబడినవాటిని లెక్కపెట్టడమే తేలికైంది. ఊరంతా అదే అవస్థ, రంపం పట్టేవాడు అడిగిందే కూలి. మా బావమరిది బరంపురం నుంచి చైన్ సా తెచ్చాడు. అమ్మినవాడు దాన్ని స్టార్ట్ చేయడం, ఆపడం చూపించాడట. మిగతాదంతా దెబ్బలు తిని నేర్చుకున్నాను.

మొదటిరోజు లుంగీ కట్టి, మెడలో తువ్వాలు వేసుకుని, హవాయి చెప్పులతో దిగాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పూర్తి వేగంలో చైను సెకనుకు సుమారు 20 మీటర్లు పరుగెడుతుంది. తువ్వాలు కొస దానికి అందితే, అయ్యో అనేలోపే అంతా అయిపోతుంది. వేలాడని బట్టలు, గట్టి బూట్లు, హెల్మెట్, కళ్లద్దాలు, చెవులకు రక్షణ ఉండాలి. ఈ పనికే కుట్టిన ప్యాంట్లు కూడా దొరుకుతాయి. చైను తగిలితే వాటిలోని పొడవాటి పోగులు బయటికి వచ్చి, పళ్లచక్రానికి చుట్టుకుని చైనును ఆపేస్తాయి. ఖరీదెక్కువే అయినా కొనండి.

స్టార్ట్ చేసేటప్పుడు మిషనును నేల మీద పెట్టి, ముందు పిడి ఎదుటనున్న పట్టీని ముందుకు తోసి చైను బ్రేకు వేసి, వెనక పిడిలో కాలు ఉంచి తాడు లాగండి. చేత్తో గాలిలో పట్టుకుని లాగే ఫ్యాషను మనవాళ్లకు ఎక్కువ. ముందు పిడిని ఎడమచేత్తో పట్టుకున్నప్పుడు బొటనవేలు దాని కిందినుంచి చుట్టి ఉండాలి. మిషను మీకు కుడిపక్కగా ఉండాలి, బ్లేడుకు, అంటే చైను చుట్టి తిరిగే పొడవాటి పలకకు, నేరుగా మీ తల ఉండకూడదు. భుజం ఎత్తు దాటి ఎత్తవద్దు, నిచ్చెన ఎక్కి కోయవద్దు.

బొటనవేలి సంగతి ఎందుకు చెప్పానంటే, బ్లేడు కొసలో పైభాగం దేనికైనా తగిలితే మిషను ఒక్కసారిగా పైకి లేచి మన ముఖం మీదికి వస్తుంది. నేను జీడికొమ్మ కోస్తున్నాను. దాని వెనక, ఆకుల్లో, ఇంకో కొమ్మ ఉందని చూడలేదు. కొస దానికి తగిలింది. ఎడమ మణికట్టుకు బ్రేకు పట్టీ తగిలి టక్కున చప్పుడైంది. చూస్తే చైను నా నుదుటికి మూరెడు దూరంలో ఆగి ఉంది. అప్పటినుంచి కోతకు ముందు కత్తితో ఆకులు, రెమ్మలు నరికి, కొస ఎక్కడికి వెళుతుందో చూసుకున్నాకే మిషను ఎత్తుతాను. రోజూ పని మొదలుపెట్టేముందు బ్రేకు పట్టీని ముందుకు తోసి, చైను ఆగుతోందో లేదో చూస్తాను.

అయినా, ప్రమాదంలో మిషనుది సగమే. మిగతా సగం చెట్టుది. పడిపోయింది కదా, ఇంకేం చేస్తుంది అనుకుంటాం. అది ఎక్కుపెట్టిన విల్లులా బిగుసుకుని ఉంటుంది. కావడిబద్ద గుర్తుందా? మధ్యలో ఆని, రెండు కొసలూ వేలాడే మాను అలాంటిది: పైభాగం సాగి ఉంటుంది, కిందిభాగం నొక్కుకుని ఉంటుంది. కాలువకు అడ్డంగా రెండు గట్ల మీద వేసిన తాటిదూలం దీనికి తలకిందులు: పైన నొక్కుడు, కింద సాగుడు. ఎప్పుడైనా నొక్కుడు పడిన వైపు మూడోవంతుకు మించకుండా ముందు కోసి, తర్వాత సాగిన వైపునుంచి పూర్తి చేయాలి. తాటిదూలంలా ఉన్నదాన్ని పైనుంచే తెగేదాకా కోస్తూ పోతే, సగంలో మాను బ్లేడును కరిచి పట్టుకుంటుంది. ఇక లాక్కోలేరు. కిందినుంచి పైకి కోసేటప్పుడు చైను మిషనును మీ మీదికి తోస్తుంది, కాళ్లు గట్టిగా ఆనించండి.

మాను కింద చిక్కి వంగిన సన్న కొమ్మలు మరీ ప్రమాదం. చెయ్యంత లావు లేదు కదా అని ఒకదాన్ని వంపు బయటివైపునుంచి ఒక్క వేటున కోశాను. అది లేచి మోకాలి కింద కొట్టింది. ఎముక విరగలేదు గానీ నెల్లాళ్లు కుంటుతూ నడిచాను. వంపు లోపలివైపు కొద్దికొద్దిగా చెక్కుతూ వస్తే దాని బిగువు మెల్లగా పోతుంది. అది లేచే దారిలో మాత్రం నిలబడవద్దు.

వేళ్లతో సహా పెకలించుకు వచ్చిన చెట్టును మొదలు దగ్గర కోయగానే, వేళ్ల మొద్దు మట్టితో సహా మళ్లీ గోతిలోకి కూలబడవచ్చు. మా పనస అలాగే చేసింది. అంతకు ముందురోజు సాయంత్రమే పిల్లలు ఆ గోతిలో దాగుడుమూతలు ఆడారు.

మాలాంటి ఇసుక నేలల్లో చైను త్వరగా మొద్దుబారుతుంది, మానుకు అంటిన ఇసుకను ముందే గీకేయండి. బ్లేడు నేలకు తగలనివ్వకండి. పదునుంటే చెక్క తునకలు రాలతాయి, పిండిలా రాలుతోందంటే ఆకురాయి పట్టాలి. మొండి చైనుతో కోస్తే మనిషి ఒళ్లంతా మిషను మీద వేసి నొక్కుతాడు, తెగేసరికి ముందుకు తూలతాడు. పెట్రోలులో ఎంత ఆయిలు కలపాలో మిషనుతో వచ్చిన పుస్తకంలో చూడండి. 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. చైను ఆయిలు ట్యాంకు వేరు, దాన్నీ నింపుకోవాలి.

ఒంటరిగా దిగవద్దు. పిలిస్తే పలికే దూరంలో, మిషనుకు దూరంగా, ఒక మనిషి ఉండాలి. కరెంటు తీగల మీద పడినవాటిని లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపానని చెప్పేదాకా ముట్టుకోకండి. పక్కచెట్టు మీద ఒరిగి ఆగిపోయినవాటి జోలికి కూడా వెళ్లకండి. మా ఇంకో పనస కొబ్బరి మీద ఆనుకుని నిలిచిపోయింది. పదకొండు రోజులు దాని కిందికి ఎవరినీ రానివ్వలేదు. పన్నెండోరోజు సామిల్లు మనుషులు వచ్చి, చైన్ పుల్లీ కట్టి దించారు. దించినందుకు వాళ్లు దుంగనే తీసుకుపోయారు, నేను బేరమాడలేదు.