కోడిపిల్ల తలకు దెబ్బ: నీ వ్యాసం గురించి నాలుగు మాటలు

చిరంజీవికి,

తలకు దెబ్బ తగిలిన కోడిపిల్లకు ప్రథమ చికిత్స మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. విషయం తెలిసే రాశావు, సందేహం లేదు. కానీ రక్తం ఆపే సంగతి ఎక్కడో చివర్లో ఉంది. అది చదివే మనిషి ఒక చేత్తో పిల్లను, ఇంకో చేత్తో ఫోన్‌ను పట్టుకుని టెన్షన్‌లో ఉంటాడు. కోళ్ళ పెంపకం ఎప్పుడు మొదలైందన్న ముచ్చట అతనికి ఎందుకు చెప్పు?

మొదటి వాక్యంలోనే పని చెప్పు. దెబ్బతిన్న పిల్లను మందలోంచి వెంటనే వేరు చేయాలి. ఎర్రటి చుక్క కనబడితే మిగతావి అక్కడే పొడుస్తాయి, చిన్న గాయం కాస్తా ప్రాణం మీదికి వస్తుంది. ఆ తర్వాత రక్తం. "తగినంత ఒత్తిడితో అదమాలి" అన్నావు. తగినంత అంటే ఎంత? శుభ్రమైన గుడ్డను వేలికొసలతో మెత్తగా అదిమి, మధ్యలో ఎత్తి చూడకుండా నాలుగైదు నిమిషాలు పట్టుకోమని రాయి. ఎముక లోపలికి కుంగినట్టున్నా, కదులుతున్నా అదమకూడదు. గుడ్డ కప్పి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి.

"వెచ్చగా ఉంచండి" దగ్గర నువ్వు తొందరపడ్డావు. మొదటి వారం పిల్లకు 32 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. ఇది పుస్తకాల్లో దొరుకుతుంది. దొరకనిది చెప్పు: మామూలు పిల్ల వేడెక్కువైతే పక్కకు జరుగుతుంది, తల తిరుగుతున్న పిల్ల పడినచోటే ఉండిపోతుంది. అందుకని బల్బును అట్టపెట్టెలో ఒక పక్కకే పెట్టి, పిల్ల నోరు తెరిచి రొప్పుతోందేమో చూస్తూ ఉండాలి. మెడ వాలిపోకుండా చుట్టూ తువ్వాలు చుట్టి పెడితే మంచిది. వెలుతురు, చప్పుడు వీలైనంత తగ్గించాలి.

"సిరంజితో నీళ్ళు పట్టించండి" అన్న వాక్యం మాత్రం కొట్టెయ్. గాలిగొట్టం నాలుక వెనకే తెరుచుకుని ఉంటుంది. మగతలో ఉన్న పిల్ల నోట్లో పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అది తేరుకుని తల నిలిపాక ముక్కు కొసను నీళ్ళకు తాకిస్తే చాలు, తనే తాగుతుంది.

నెత్తి తోలు ఊడిన పిల్ల గురించి ఒక్క లైనుతో సరిపెట్టావు. అదిగో, అక్కడ విస్తరించు. చూడ్డానికి భయంకరంగా ఉన్నా చాలాసార్లు అంచుల నుంచి కొత్త తోలు పుట్టుకొస్తుంది. కాకపోతే గాయం ఎండిపోకూడదు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు కలిపి కడగమను. హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు, అది కొత్తగా పుట్టే కండను కూడా కాలుస్తుంది. ఈగలు వాలనివ్వకూడదు, పురుగులు పడతాయి.

మెడ తిరిగిన ప్రతి పిల్లకూ విటమిన్-ఇ రాసేశావు. దెబ్బ తగలకుండానే మెడ తిరిగితే, పైగా ఒకటికి రెండు పిల్లల్లో కనిపిస్తే, అది కొక్కెర తెగులు (న్యూకాజిల్ అనే అంటువ్యాధి) కావచ్చు. అప్పుడు డాక్టర్‌కు కబురు చేయడమే సరైన పని. సిల్కీ జాతి లాంటి, నెత్తిన ఈకల కుచ్చు ఉండే జుట్టు కోళ్ళ సంగతి కూడా కలుపు. వాటిలో కొన్నింటికి పుర్రె పైన ఎముక పూర్తిగా మూసుకుని ఉండదు, ఒక్క పోటే చాలు.

ఇక నువ్వు అసలు ముట్టుకోనిది ఒకటుంది. ఫిట్స్ ఆగకపోతే, ఎంతకీ స్పృహ రాకపోతే ఏం చేయాలి? బాధ లేకుండా ప్రాణం తీయించడం గురించి వైద్యుడిని అడగమని సూటిగా రాయి, మాట నమలకు. ఆ పేరా రాసి పంపు, వ్యాసం పేరు సంగతి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో.