పోర్ట్ అంటే రేవా, ఎడమా?

ప్రశ్న: మా అబ్బాయి మర్చంట్ నేవీ పరీక్షకు చదువుతున్నాడు. పుస్తకంలో ఓడ ఎడమవైపును ‘పోర్ట్’ అన్నారు. మన విశాఖలో పోర్టంటే రేవే కదా! కంప్యూటర్‌కి వైరు గుచ్చే చోటూ పోర్టే అంటారు. ఇవన్నీ ఒకే మాటేనా?
— ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: లాటిన్‌లో చుట్టరికం ఉన్న మూడు మాటలు ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఒకేలా తయారయ్యాయండీ. పోర్టుస్ అంటే రేవు, పోర్టా అంటే ద్వారం, పోర్టారే అంటే మోయడం. మన పోర్టు మొదటిది. కంప్యూటర్ పోర్టు, ఓడ పక్కన ఉండే పోర్ట్‌హోల్ రెండోదాని సంతానం. పోర్టబుల్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్ మూడోదానివి.

ఓడ ఎడమవైపు సంగతి ఇంకా బాగుంటుంది. పాతకాలం ఐరోపా ఓడల్లో చుక్కాని తెడ్డు వెనక కుడిపక్కన కట్టేవారు, చాలామందిది కుడిచేతివాటం కాబట్టి. చుక్కాని తిప్పడాన్ని ఇంగ్లిష్‌లో ‘స్టీర్’ అంటారు కదా, ఆ పక్క గనక కుడివైపు స్టార్‌బోర్డ్ అయింది. ఆ పక్కను గట్టుకు ఆనిస్తే తెడ్డు నలిగిపోతుంది. అందుకే ఎడమపక్కనే రేవుకు చేర్చేవారు. ఆ పక్కకు మొదట్లో లార్‌బోర్డ్ అని పేరు. గాలి హోరులో అరిచి చెబితే లార్‌బోర్డో స్టార్‌బోర్డో తేలేది కాదు, చుక్కాని తప్పువైపు తిరిగేది. రేవుకు చేర్చే పక్క గనక అప్పటికే వాడుకలో ఉన్న ‘పోర్ట్’ అనే మాటనే వాడాలని 1844లో బ్రిటిష్ నౌకాదళం ఉత్తర్వు ఇచ్చింది.

మామూలు ఎడమ, కుడి అంటే సరిపోదా? సరిపోదు. మనిషి వెనక్కి తిరిగితే ఎడమ కుడి మారిపోతాయి. పోర్ట్ మారదు, ఓడ ముందుభాగం వైపు చూస్తూ నిలబడితే ఎడమచేతి పక్క ఏదో ఎప్పటికీ అదే. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. విశాఖ లోపలి హార్బర్‌లోకి వచ్చే ఓడకు డాల్ఫిన్స్ నోస్ కొండ పోర్ట్ వైపున ఉంటుంది, అదే ఓడ బయటికి వెళ్లేటప్పుడు స్టార్‌బోర్డ్ వైపున. మారింది కొండ ఉన్న పక్క, పోర్ట్ కాదు. గుర్తుకు ఒక చిట్కా: ఇంగ్లిష్‌లో లెఫ్ట్‌కీ పోర్ట్‌కీ నాలుగేసి అక్షరాలు.

రాత్రి పోర్ట్ వైపు ఎర్రదీపం, స్టార్‌బోర్డ్ వైపు ఆకుపచ్చదీపం వెలుగుతాయి. ఒక్కోటి ఎదురు నుంచి పక్కగా 112.5 డిగ్రీల మేర కనిపించాలి. మీ అబ్బాయిని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి బైనాక్యులర్స్‌తో చూపించండి. ఉత్తరాన భీమిలి వైపు సాగే ఓడది ఎర్రదీపం కనిపిస్తుంది, దక్షిణాన గంగవరం వైపు వెళ్లేదానిది ఆకుపచ్చ. రెండూ ఒకేసారి కనిపిస్తే ఓడ ముక్కు మనవైపే ఉన్నట్టు. లంగరు వేసి ఆగిన ఓడలకు ఈ రంగులు ఉండవు, తెల్లదీపాలే. వాటిని చూసి తికమకపడొద్దు.

సముద్రంలో రెండు మోటారు ఓడల దారులు అడ్డంగా కలుస్తుంటే, అవతలిదాన్ని తన స్టార్‌బోర్డ్ వైపున చూస్తున్న ఓడే దారి ఇవ్వాలి. రాత్రిపూట ఆ ఓడకు కనిపించేది అవతలిదాని ఎర్రదీపం. ఎదురెదురుగా వస్తే మాత్రం రెండూ స్టార్‌బోర్డ్ వైపుకే తిరగాలి, అప్పుడు పోర్ట్ పక్కలు ఎదురెదురుగా దాటిపోతాయి.