క్రూజ్ కంపెనీ క్రెడిట్ కార్డు తీసుకుంటే లాభమేనా?

మీ ప్రశ్న ఇదీ: మీ తమ్ముడు హ్యూస్టన్‌లో ఉంటాడు. వచ్చే మార్చిలో అమ్మానాన్నల్ని అక్కడికి దగ్గరున్న గాల్వెస్టన్ రేవు నుంచి క్రూజ్‌కి, అంటే ఓడలో విహారయాత్రకి తీసుకెళ్దామనుకుంటున్నాడు. బుకింగ్ పేజీలో ఆ కంపెనీ సొంత క్రెడిట్ కార్డు తీసుకోమని ఆఫర్ కనిపించింది, తీసుకోవచ్చా? బెంగళూరులో ఉన్న మీరు తర్వాత ఎప్పుడైనా సింగపూర్ నుంచి క్రూజ్‌కి వెళ్తే ఏ కార్డు వాడాలి?

మేం కొన్నేళ్లు హ్యూస్టన్ దగ్గరే ఉన్నాం. గాల్వెస్టన్ నుంచి అత్తయ్యగారినీ మామయ్యగారినీ తీసుకుని ఓడ ఎక్కాం. ఇప్పుడు మారతహళ్లిలో స్థిరపడ్డాం. అక్కడి కార్డులూ ఇక్కడి కార్డులూ రెండూ వాడాను కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

మీ తమ్ముడు దాదాపు ఏటా అదే కంపెనీ ఓడ ఎక్కే మనిషైతే తీసుకోవచ్చు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఒకసారి వెళ్దాం అన్నదే ఆలోచనైతే వద్దు. వాళ్లిచ్చే మొదటి బోనస్ తప్ప ఆ కార్డులో అతనికి పనికొచ్చేది పెద్దగా లేదు.

లెక్క చూడండి. రాయల్ కరీబియన్, కార్నివాల్ అని రెండు పెద్ద క్రూజ్ కంపెనీలున్నాయి. మేం తీసుకున్నప్పుడు రాయల్ కరీబియన్ కార్డు బ్యాంక్ ఆఫ్ అమెరికా ద్వారా, కార్నివాల్ కార్డు బార్‌క్లేస్ ద్వారా వచ్చేవి. రెండింటికీ అప్పట్లో వార్షిక ఫీజు లేదు. ఆ కంపెనీకి కట్టే ప్రతి డాలర్‌కి 2 పాయింట్లు, బయట ఎక్కడ వాడినా డాలర్‌కి 1 పాయింట్. 10,000 పాయింట్లకు 100 డాలర్లు, అంటే పాయింట్ విలువ ఒక సెంటు. 4,000 డాలర్ల క్రూజ్ బుక్ చేస్తే 8,000 పాయింట్లు, అంటే 80 డాలర్లు వస్తాయి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ సిటీ డబుల్ క్యాష్, వెల్స్ ఫార్గో యాక్టివ్ క్యాష్ లాంటి కార్డులకు కూడా వార్షిక ఫీజు లేదు, అన్నింటి మీదా 2 శాతం వెనక్కి వస్తుంది. అదే 4,000 డాలర్లకు అవీ 80 డాలర్లే ఇస్తాయి, అదీ నగదుగా.

అంటే క్రూజ్ టికెట్ మీద కూడా ఆ కంపెనీ కార్డు గెలవదు, సమానంగా నిలబడుతుంది అంతే. అసలు తేడా రోజువారీ ఖర్చుల్లో తెలుస్తుంది. పటేల్ బ్రదర్స్‌లో సరుకులు, పెట్రోలు, పిల్లల క్లాసులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి నెలకు 2,000 డాలర్లు కార్డు మీద పెడతాడనుకుందాం. ఏడాదికి 24,000. క్రూజ్ కార్డు మీద 240 డాలర్ల విలువ, 2 శాతం కార్డు మీద 480. ఉచితం అనుకున్న కార్డుకి ఏడాదికి 240 డాలర్లు మనమే వదులుకుంటున్నాం. ఇంకో సంగతి, అమెరికాలో కాస్ట్‌కో షాపుల్లో వీసా తప్ప వేరే క్రెడిట్ కార్డు తీసుకోరు. కార్నివాల్ వాళ్లది మాస్టర్‌కార్డ్. తెలుగువాళ్ల ఇళ్లలో పాలు, నూనె, పళ్లు సగం అక్కడి నుంచే వస్తాయి కదా, ఆ ఖర్చంతా దానికి బయటే.

ఇక వచ్చే పాయింట్లు ఏ రూపంలో వస్తాయన్నది డబ్బు కంటే ముఖ్యం. రాయల్ కరీబియన్ పాయింట్లను మేం ఎక్కువగా ఆన్‌బోర్డ్ క్రెడిట్‌గానే మార్చుకున్నాం. అంటే ఓడలో మాత్రమే చెల్లే డబ్బు, ఆఫీసు క్యాంటీన్ కూపన్లలాగా. వైఫై, స్పెషల్ రెస్టారెంట్లు, ఒడ్డున దిగి చూసే టూర్లు, ఫొటోలు, డ్రింకులు, వీటికి వాడుకోవచ్చు. మా అత్తయ్యగారు శాకాహారి, ఇంట్లో ఎవరూ తాగరు, మామయ్యగారికి మామూలు బఫేలో దొరికే పప్పన్నమే బాగా నచ్చింది. టికెట్‌లో కలిసున్న భోజనమే మాకు సరిపోయింది. అలాంటి కుటుంబానికి ఓడలో ఖర్చు పెట్టాల్సిన అవసరమే తక్కువ. ఓడ దిగేలోపు వాడని క్రెడిట్ సాధారణంగా పోతుంది. అందుకే చివరి సాయంత్రం షాపుల్లో జనం నిండిపోతారు. నాకు అది మనసుకు బాధగానే అనిపించింది. కష్టపడి సంపాదించిన పాయింట్లు అక్కర్లేని టీషర్టుల మీద పోతున్నాయి. ఈ విషయంలో కార్నివాల్ కార్డు కాస్త నయం. ఆ కంపెనీకి కట్టిన సొమ్ము మీదే స్టేట్‌మెంట్ క్రెడిట్‌గా, అంటే కార్డు బిల్లులో తగ్గింపుగా వాడుకునే వీలుండేది. మీ తమ్ముడు చూస్తున్నది ఏ కంపెనీదో, ఇప్పటి షరతులు ఎలా ఉన్నాయో ముందు అది చదవమనండి.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలుచుకున్నది ఇది. అమ్మానాన్నలు అమెరికా వచ్చి ఉండేది ఆరు నెలలు. అందులో పిల్లలకు స్ప్రింగ్ బ్రేక్ అనే స్కూలు సెలవుల వారం ఒక్కటే. ఆఫీసు సెలవు కూడా అప్పుడే దొరకాలి. అంటే తేదీలు మన చేతిలో ఉండవు, ఉన్న వారంలో ఏ ఓడ చౌకగా, అనుకూలంగా ఉంటే అదే ఎక్కాలి. గాల్వెస్టన్ నుంచి రాయల్ కరీబియన్, కార్నివాల్ రెండూ నడుస్తాయి. రాయల్ కరీబియన్ 2022 నవంబర్‌లో అక్కడ సొంత టెర్మినల్ కూడా తెరిచింది. ఒకే వారంలో ఒకే రకం గదికి రెండు కంపెనీల మధ్య నలుగురికి కలిపి వందల డాలర్ల తేడా ఉండొచ్చు. మాకు అదే అయింది. మావారి దగ్గర ఒక కంపెనీ పాయింట్లు ఉన్నాయి, మాకు కుదిరిన వారంలో మంచి రేటు మాత్రం రెండో కంపెనీది. పాయింట్ల కోసం ఎక్కువ డబ్బు పెట్టి మొదటిదే ఎక్కాలా అని ఇంట్లో రెండు రోజులు చర్చ. చివరికి చౌకదే ఎక్కాం. నగదు వెనక్కిచ్చే కార్డు ఉన్నవాళ్లకు ఈ చర్చే ఉండదు.

చాలామంది పొరబడే విషయం ఇంకొకటి ఉంది. కార్డు వేరు, క్రూజ్ కంపెనీ సభ్యత్వం వేరు. రాయల్ కరీబియన్ వాళ్ల క్రౌన్ అండ్ యాంకర్ సొసైటీలో సభ్యత్వం ఉచితం. ఓడలో గడిపిన రాత్రికొక పాయింట్ చొప్పున వస్తుంది, సూట్ (పెద్ద గది) తీసుకుంటే రెట్టింపు. 30 దాటితే ప్లాటినం హోదా, 80 దాటితే డైమండ్. ఆ మెట్లు ఎక్కడానికి మాకు కార్డు ఏ సాయమూ చేయలేదు. కాబట్టి కార్డు తీసుకోకపోతే ఆ సదుపాయాలు పోతాయేమోనన్న టెన్షన్ వద్దు, సభ్యత్వం మాత్రం నలుగురి పేర్ల మీదా తప్పకుండా తీసుకోమనండి. కార్నివాల్ మాత్రం దారి మార్చింది. 2026 జూన్ నుంచి రోజుల బదులు ఖర్చును బట్టి హోదా ఇస్తామని, తమ కార్డు మీద పెట్టే ఖర్చు కూడా లెక్కలోకి వస్తుందని 2025లోనే ప్రకటించింది. ఆ పద్ధతిలో తరచూ కార్నివాల్ ఎక్కేవాళ్లకు ఆ కార్డు ఇదివరకటి కంటే ఎక్కువ పనికొస్తుంది. మాకు తెలిసిన ఒక రిటైరైన దంపతులు హ్యూస్టన్ పక్కనున్న కేటీలో ఉంటారు. ఇంటి నుంచి గంటన్నర లోపే రేవు, సంవత్సరంలో ఎప్పుడు రేటు తగ్గితే అప్పుడు పెట్టె సర్దుకుని వెళ్లిపోతారు. వాళ్లలాంటి వాళ్లకైతే నేనే తీసుకోమంటాను.

బోనస్ సంగతి. మొదటి మూడు నెలల్లో 1,000 డాలర్లు వాడితే 25,000 పాయింట్ల ప్రాంతంలో ఇచ్చే ఆఫర్లు వస్తుంటాయి. అంటే 250 డాలర్లు, తక్కువేం కాదు. అయితే చేజ్ బ్యాంకుకి ఒక నియమం ఉంది: గత 24 నెలల్లో ఏ బ్యాంకులోనైనా 5 కార్డులు తెరిచినవాళ్లకు సాధారణంగా కొత్త కార్డు ఇవ్వదు. క్రూజ్ కార్డు అందులో ఒక స్థానం తినేస్తుంది. 95 డాలర్ల ఫీజు ఉన్న చేజ్ సఫైర్ ప్రిఫర్డ్ లాంటి కార్డు మొదటి బోనస్ మామూలుగా ఇంతకంటే చాలా ఎక్కువ. పైగా దానిమీద టికెట్ కొంటే ట్రిప్ రద్దయితే మనిషికి 10,000 డాలర్ల దాకా బీమా వర్తిస్తుంది. పెద్దవాళ్లతో ప్రయాణం కాబట్టి ఆ బీమాకే నేను ఎక్కువ విలువిస్తాను. అయితే ముందు నుంచీ ఉన్న జబ్బుల వల్ల రద్దు చేసుకుంటే ఇలాంటి బీమాలు మామూలుగా వర్తించవు, షరతులు చదవాలి.

వైద్యం ఖర్చు ఇంకా ముఖ్యం. మామయ్యగారికి ఓడ ఊగి వాంతులైతే ఓడలోని క్లినిక్‌కి తీసుకెళ్లాం. డాక్టర్ ఫీజు, మందులు అన్నీ మా ఆన్‌బోర్డ్ ఖాతాలోనే (ఓడలో ఖర్చులన్నీ రాసే ఖాతా) పడి, చివరి రోజు కార్డు నుంచి కట్ అయ్యాయి. ఆ రసీదులు దాచుకుని తర్వాత బీమా కంపెనీ దగ్గర క్లెయిమ్ చేశాం. పెద్దవాళ్లకు అమెరికా ప్రయాణం కోసం కొనే పాలసీ సముద్రంలో, మెక్సికోలో కూడా వర్తిస్తుందా, అత్యవసరంగా ఒడ్డుకు తరలించే ఖర్చు అందులో ఉందా అని కొనేముందే రాతపూర్వకంగా అడగండి. ఏ కార్డు పాయింట్లూ ఆ ఖర్చుకు సరిపోవు.

ఇక మన బెంగళూరు సంగతి. అమెరికా క్రూజ్ కార్డులు అక్కడ నివాసం ఉన్నవాళ్లకే ఇస్తారు, మనకు వర్తించవు. మన బ్యాంకుల కార్డుతో విదేశీ క్రూజ్‌కి వెళ్తే పాయింట్ల కంటే ముందు చూడాల్సింది ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ కరెన్సీలో పెట్టే ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు రుసుం. చాలా కార్డుల మీద అది 3.5 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ. సింగపూర్ నుంచి నడిచే రాయల్ కరీబియన్ ఓడలో కూడా బిల్లు అమెరికా డాలర్లలోనే వస్తుంది. ఓడలో లక్ష రూపాయలకు సమానమైన ఖర్చు పెడితే మార్కప్ 3,500, జీఎస్టీ 630, మొత్తం 4,130 రూపాయలు ఊరికే పోతాయి. మామూలు కార్డు రివార్డు ఒక శాతమనుకుంటే వచ్చేది వెయ్యి. అందుకే మార్కప్ లేని కార్డు ఒకటి దగ్గరుంచుకోండి. ఫెడరల్ బ్యాంక్ స్కేపియా ఉంది, ఐడీఎఫ్‌సీ ఫస్ట్ వావ్ అయితే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇస్తారు కాబట్టి జీతం స్లిప్పు లేని పెద్దవాళ్లకు కూడా దొరుకుతుంది.

బయల్దేరే ముందు బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేయండి. 2020లో ఆర్‌బీఐ తెచ్చిన నియమం ప్రకారం కొత్త కార్డుల్లో అది ఆఫ్‌లోనే ఉంటుంది. కార్డుని రేవులో చెక్ ఇన్ దగ్గరే ఓడ ఖాతాకి కలిపేయండి. సముద్రం మధ్యలో ఫోన్‌కి సిగ్నల్ ఉండదు, ఓటీపీ రాదు. మాతో వచ్చిన ఒక కుటుంబం ఓడలో ఆన్‌లైన్ టూర్ బుక్ చేయబోయి అక్కడే ఆగిపోయింది. రేవులోనో బయట షాపుల్లోనో మెషిన్ రూపాయల్లో కట్టమంటారా అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీనే ఎంచుకోండి, రూపాయల్లో చూపించే రేటు దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే. టిప్పుల సొమ్ము కూడా బడ్జెట్‌లో వేసుకోండి, మనిషికి రోజుకు సుమారు 18 డాలర్లు వాళ్లే ఖాతాలో కలిపేస్తారు.

ఇక్కడి ఏజెంట్ దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే పన్ను కోస్తారు. 2023 అక్టోబర్ నుంచి 7 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది, 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 10 లక్షలైంది, 2026 ఏప్రిల్ నుంచి పరిమితితో పనిలేకుండా 2 శాతం చేశారు. బుకింగ్ రోజున ఉన్న రేటు ఏజెంట్‌ని అడగండి. అది ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది కాబట్టి ఎవరి పాన్ మీద కోశారో చూసుకోండి, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఆ పాన్ మీద జమైన పన్నుల లెక్కలో కనిపించాలి.

ఈ గొడవలేమీ వద్దు, ఓడ ఎలా ఉంటుందో అమ్మానాన్నలకు ఒకసారి చూపిస్తే చాలు అనుకుంటే చెన్నై నుంచి ఎక్కండి. కార్డీలియా క్రూజెస్ వాళ్ల ఎంప్రెస్ ఓడ 2022 జూన్ నుంచి కొన్ని నెలల సీజన్‌లో చెన్నై నుంచి నడుస్తోంది, విశాఖపట్నం వెళ్లివచ్చే ట్రిప్పులూ ఉన్నాయి. ఇది ఒకప్పుడు రాయల్ కరీబియన్ ఓడే, 1990 నాటిది. బెంగళూరు నుంచి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చెన్నైలో ఉంటారు. డబ్బు రూపాయల్లోనే కాబట్టి టికెట్‌కి ఫారెక్స్ మార్కప్ లేదు, మీ దగ్గరున్న మామూలు రివార్డు కార్డే చాలు.

ఏ కార్డైనా ఒక్కటి మాత్రం పాటించండి. బిల్లు పూర్తిగా కట్టగలిగినంతే దానిమీద పెట్టండి. మన కార్డుల మీద బాకీ మిగిలితే చాలాచోట్ల నెలకు 3.5 శాతం, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే వడ్డీ పడుతుంది. రెండు నెలలు లాగితే ట్రిప్పు మొత్తం మీద వచ్చిన పాయింట్లన్నీ పోయి, పైన ఇంకా మనమే కట్టాల్సి వస్తుంది.

మీ తమ్ముడు చూస్తున్న కంపెనీ, ఎన్ని రాత్రుల ట్రిప్పు, ఏడాదిలో కార్డు మీద సుమారుగా ఎంత ఖర్చు పెడతాడు, ఈ మూడూ కింద రాయండి. అతని అంకెలతోనే లెక్క వేసి చెప్తాను.