జపాన్ మట్టి టీపాట్‌లో మన టీ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి నగోయాలో ఉద్యోగం చేస్తాడు. ఈసారి వస్తూ ఒక ఎర్రమట్టి టీపాట్ తెచ్చాడు. పిడి వెనకవైపు కాకుండా పక్కకి ఉంది. అందులో మన పాల టీ పెట్టుకోవచ్చా? వాడేముందు సబ్బుతో కడగాలా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: వద్దమ్మా. పాలు, చక్కెర, అల్లం, ఏదీ దాని దరిదాపులకి రానివ్వకండి. పొయ్యి మీద అసలే పెట్టకండి, పగులుతుంది. సబ్బూ వద్దు. లోపల గ్లేజ్ అనే గాజులాంటి పూత ఉండదు కాబట్టి ఆ మట్టి ఏ వాసన తగిలినా పీల్చుకుంటుంది. అందులో పాల టీ పెట్టడం ఊరగాయ జాడీలో పెరుగు తోడుపెట్టడం లాంటిది. మొదటిసారి వేడినీళ్ళతో రెండుసార్లు తొలిస్తే చాలు. రోజూ వాడాక ఆకు దులిపి, నీళ్ళతో కడిగి, మూత తీసి ఆరబెట్టండి.

మీ గుర్తుల్ని బట్టి అది తొకొనామె ఊరి క్యూసు, అంటే జపాన్ టీపాట్, అయి ఉంటుంది. నగోయా నుంచి రైల్లో అరగంట దారి. విమానాశ్రయం ఉన్నది కూడా ఆ ఊళ్ళోనే. మావారి ఉద్యోగం పుణ్యమా అని నేనూ నగోయాలో కాపురం చేశాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్ళేదాన్ని. అక్కడ ఒక ఎత్తు దారి ఉంది. ఒకవైపు గోడకి పాతకాలం మట్టి పైపులు, ఇంకోవైపు సారా జాడీలు పేర్చి కట్టారు. 12వ శతాబ్దం నుంచీ కుండలు కాల్చిన ఊరు మరి, మిగిలిపోయిన సరుకుకి లోటేముంది! టీపాట్‌లకి పేరు మాత్రం 19వ శతాబ్దంలో వచ్చింది. 1878లో చైనా నుంచి జిన్ షిహెంగ్ అనే ఆయన్ని పిలిపించుకుని అక్కడి యీషింగ్ ఊరి మట్టి టీపాట్‌ల పనితనం నేర్చుకున్నారు. మూడో తరం యమాదా జోజాన్ అనే ఇక్కడి పనివాణ్ణి ఈ క్యూసు పనికే 1998లో జపాన్ ప్రభుత్వం ‘సజీవ జాతీయ సంపద’గా గుర్తించింది.

ఆ ఎరుపు రంగు వేసింది కాదు. మట్టిలో ఇనుము ఎక్కువ. బట్టీలో గాలి బాగా ఆడితే ఎర్రగా, గాలి బిగించి కాలిస్తే నల్లగా వస్తుంది. ఆ ఇనుము వల్ల టీలో వగరు తగ్గుతుందని అక్కడ అందరూ చెప్తారు. నాకైతే నీళ్ళ వేడి మార్చినప్పుడు తెలిసినంత తేడా మట్టి మార్చినప్పుడు తెలియలేదు.

కాబట్టి వేడి సంగతి చూసుకోండి. సెంచా అనే ఆకుపచ్చ టీ అయితే ఇద్దరికి 5 గ్రాముల ఆకు, ఓ 150 మిల్లీలీటర్ల నీళ్ళు, 70 నుంచి 80 డిగ్రీల వేడి. థర్మామీటర్ అక్కర్లేదు. మరిగిన నీళ్ళు ముందు కప్పుల్లో పొయ్యండి, కాసేపాగి ఆ నీళ్ళే పాట్‌లోకి ఒంపండి. ఒక నిమిషం కదిలించకండి. తర్వాత ఈ కప్పులో కొంచెం, ఆ కప్పులో కొంచెం, మళ్ళీ ఇందులో కొంచెం పోస్తూ చివరి చుక్క దాకా దించెయ్యండి. నీళ్ళు మిగిలితే ఆకు అందులోనే నాని, రెండోసారి పోసే టీ చేదెక్కుతుంది. పక్క పిడి సుఖం అప్పుడు తెలుస్తుంది: బొటనవేలు మూత మీద ఆనించి మణికట్టు తిప్పితే చాలు, మోచెయ్యి ఎత్తక్కర్లేదు. ఎడమచేతి వాటం వాళ్ళకి పిడి అటువైపు పెట్టినవీ దొరుకుతాయి.

మీవాడు ఆకు తేకపోతే డార్జిలింగ్ లాంటి పెద్దాకు టీ వెయ్యండి. మన డస్ట్ టీ మాత్రం వద్దు, లోపలి మట్టి జల్లెడ కన్నాలు పూడుకుపోతాయి.

ప్రశ్న: క్యూసు చేత్తో చేసినదా, అచ్చులో పోసినదా ఎలా కనిపెట్టాలి? ఆన్‌లైన్‌లో అన్నిటికీ ‘హ్యాండ్‌మేడ్’ అనే రాస్తున్నారు.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఫొటో చూసి తేల్చడం కష్టమండీ, చేతిలోకి తీసుకోవాలి. లోపల వేలు పెట్టి చూడండి. సారె మీద లేచినదైతే వేళ్ళ చాళ్ళు గుండ్రంగా తగులుతాయి. అచ్చుదైతే నున్నగా ఉంటుంది, ఒక్కోసారి అతుకు గీత కనిపిస్తుంది. ఒంటినీ, మూతనీ, కొమ్మునీ, పిడినీ దేనికది విడిగా సారె మీద లాగి, కాస్త ఆరాక అతుకుతారు. జల్లెడ కూడా విడిగా చేసి లోపల అతికిస్తారు. ఆరేటప్పుడూ కాలేటప్పుడూ మట్టి కుంచించుకుపోతుంది. అందుకే కాల్చాక మూతనీ మూతినీ సన్నటి రాపిడి పొడితో ఒకదాని మీద ఒకటి తిప్పి నూరతారు. నీళ్ళు నింపి, ఒంపుతూ మూత మీది కన్నం వేలితో మూసి చూడండి. బాగా నూరినదైతే ధార ఆగిపోతుంది. ఆ మూత ఆ పాట్‌కే పుట్టింది, పగిలితే ఇంకోటి సరిపోదు. మూత లేని పాట్ సగం ధరకి వస్తోందని కొనకండి.

ధర అంటారా, మామూలు పనివాళ్ళవి కొన్ని వేల యెన్లు. పేరున్నవాళ్ళవి ఎంతైనా ఉంటాయి. టీ తాగడానికైతే అంత పెట్టనక్కర్లేదని నా ఉద్దేశం.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో జపాన్ ఇనప టీపాట్ కొన్నాను. స్టవ్ మీద పెడితే లోపలి నల్లపూత పెచ్చులూడింది. మోసపోయానా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: అమ్మినవాళ్ళు చెప్పాల్సింది. ఇనపవాటిలో రెండు రకాలు. తెత్సుబిన్ అనేది నీళ్ళు కాచుకునేది, లోపల ఎనామిల్ ఉండదు. ఈవాతే ప్రాంతంలో మొరియోకా, మిజుసావా వాటికి పేరు. మీదానిలా లోపల ఎనామిల్ పూసింది టీ నానబెట్టుకోవడానికే, మంట తగలకూడదు. పెచ్చులూడిన పాట్‌లో ఇక టీ తాగకండి.

ఈసారి తెత్సుబిన్ కొంటే, వాడిన వెంటనే నీళ్ళు పారబోసి, ఆ వేడికే ఆరనివ్వండి. లోపల తెల్లగా గార కడితే గోకకండి, అది తుప్పుని ఆపుతుంది. అక్కడక్కడా ఎర్రమచ్చలు వచ్చినా నీళ్ళు తేటగా ఉంటే పర్వాలేదు. నీళ్ళే ఎర్రబడితే గ్రీన్ టీ ఆకు మూటకట్టి అందులో మరిగించండి. ఆకులోని టానిన్ ఇనుముతో కలిసి నల్లటి పొర కడుతుంది.

ప్రశ్న: జపాన్‌లోని హాగీ ఊరి మట్టి కప్పు కొన్నాను. గ్లేజ్ నిండా వెంట్రుకల్లాంటి పగుళ్ళు, అడుగున చెమ్మ. పారెయ్యాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: టెన్షన్ పడకండి. ఆ పగుళ్ళు హాగీ సొగసు. వాటిలోకి టీ ఇంకుతూ ఏళ్ళ తరబడి రంగు మారాలనే కొంటారు. చెమ్మ తగ్గాలంటే బియ్యం కడిగిన చిక్కటి కడుగులో ఆ కప్పు పెట్టి, సన్నటి మంట మీద కాసేపు కాచి, అందులోనే చల్లారనివ్వండి. కన్నాలు గంజితో పూడతాయి. తర్వాత బాగా ఆరబెట్టండి. మీ ఊరి గాలికి తడిగా బీరువాలో పెడితే బూజు పడుతుంది.

ప్రశ్న: నా క్యూసు కొమ్ము చివర చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంది. ఉంచాలా, తియ్యాలా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: తీసెయ్యండి. దారిలో కొమ్ము చిట్లకుండా తొడిగింది అది. ఉంచితే లోపల మురికి చేరుతుంది, ధారా సరిగ్గా తెగదు.