ఆంధ్రప్రభ పెట్టిన మార్వాడీ

ప్రశ్న: మా తాతయ్య ట్రంకుపెట్టెలో మద్రాసులో అచ్చయిన పాత ఆంధ్రప్రభలు దొరికాయి. ఆ పేపరు పెట్టింది ఒక మార్వాడీ అని నాన్న అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిజమేనండీ. రామ్‌నాథ్ గోయెంకా. 1904లో బీహార్‌లోని దర్భంగాలో పుట్టి, వ్యాపారం కోసం కుర్రతనంలోనే మద్రాసు వచ్చారు. ఇండియన్ ఎక్స్‌ప్రెస్, అరవంలో దినమణి చేతికొచ్చాక 1938లో ఆంధ్రప్రభ మొదలుపెట్టారు. దానికి నార్ల వెంకటేశ్వరరావు గారు చాలా ఏళ్లు ఎడిటర్. ఆ పేపర్లు పారెయ్యకండి, కాస్త కలరా ఉండలు వేసి దాచండి.

ప్రశ్న: ఆయన ఎంపీగా కూడా చేశారట. మన వైపు నుంచేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కాదు. రాజ్యాంగ సభలో మాత్రం మద్రాసు తరఫున ఉన్నారు. లోక్‌సభకి వెళ్లింది 1971లో, మధ్యప్రదేశ్‌లోని విదిశ నుంచి, అదీ బీజేపీకి ముందున్న జనసంఘ్ టికెట్ మీద. దేశమంతా ఇందిరా గాంధీ 'గరీబీ హటావో' నినాదం గాలి వీస్తుంటే ఎదురెళ్లి గెలిచారు. తమాషా ఏమిటంటే ఇందిర భర్త ఫిరోజ్ గాంధీ ఒకప్పుడు ఈయన పత్రికలోనే ఉద్యోగం చేశారు.

ప్రశ్న: సొంతంగా ఇన్ని పేపర్లుండగా మళ్లీ ఎంపీ పదవి ఎందుకు సార్? ఏం ఒరిగింది?
– అదే పాఠకుడు

జవాబు: పెద్దగా ఏమీ ఒరగలేదనే నా లెక్క. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టి, ఢిల్లీలో పత్రికాఫీసులున్న బహదూర్‌షా జఫర్ మార్గ్‌లో కరెంటు తీసేసినప్పుడు ఈయన సిట్టింగ్ ఎంపీ! పార్లమెంటులో ఎవరేం మాట్లాడినా సెన్సారు ఒప్పుకుంటే తప్ప అచ్చు వెయ్యకూడదు, ఇక ఆ సీటు దేనికి? సెన్సారుకి నిరసనగా జూన్ 28న ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం ఉండాల్సిన చోట ఖాళీ జాగా వదిలేసింది. జనానికి గుర్తున్నది అదే, విదిశ ఎంపీ ఎవరో ఎవరికీ గుర్తులేదు. తర్వాత సర్కారు ప్రకటనలు ఆపేసింది, కంపెనీ బోర్డులో తన మనుషుల్ని కూర్చోబెట్టింది. అయినా ఆయన పేపరు వదులుకోలేదు. 1942లో క్విట్ ఇండియా రోజుల్లో బ్రిటిష్ సెన్సారుకి తలొగ్గడం ఇష్టంలేక పేపరే ఆపేసిన మనిషి కదా, ఈ టెన్షన్ ఆయనకి కొత్త కాదు.

ప్రశ్న: అయితే పత్రికాస్వేచ్ఛకి ఆయన దేవుడన్నమాట!
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అంత తొందరెందుకండీ, ఆ గుళ్లో పనిచేసిన వాళ్లనీ అడగాలిగా. 1959లో మద్రాసులో సిబ్బంది సమ్మె చేస్తే ఆఫీసుకి తాళం పడింది. నార్ల గారు బయటికొచ్చేశారు, మరుసటేడు విజయవాడలో ఆంధ్రజ్యోతి మొదలైంది, అలా మనకి ఇంకో పేపరు దొరికింది. అరుణ్ శౌరిని ఇండియన్ ఎక్స్‌ప్రెస్ ఎడిటర్ కుర్చీలోంచి ఒకసారి 1982లో, మళ్లీ పిలిచి కూర్చోబెట్టాక 1990లో ఇంకోసారి దింపేశారు. ఢిల్లీ సర్కారుకి వంగని మనిషే, కానీ తన ఆఫీసులో తనమాటే చెల్లాలి. 1991 అక్టోబర్‌లో, 87 ఏళ్ల వయసులో బొంబాయిలో పోయేదాకా అదే ధోరణి.